అమ్మాయిని జిన్‌జౌ పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి నీట్‌లో అర్హత సాధించింది కానీ కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. యాజమాన్య కోటాకు మా స్తోమత చాలదు. చైనాలోని జిన్‌జౌ అనే ఊళ్లో ఎంబీబీఎస్ అన్నీ కలిపి 28 లక్షల్లో అయిపోతుందని ఏజెంటు చెబుతున్నాడు. అది ఫ్యాక్టరీల ఊరనీ, పొగ, చలి ఎక్కువనీ, ఇంగ్లీషు ఎవరికీ రాదనీ విన్నాం. ఆడపిల్ల అక్కడ ఆరేళ్లు ఉండగలదా? జార్జియా, కిర్గిజ్‌స్థాన్‌లతో పోల్చి ఏది మేలో చెప్పండి. త్వరగా తేలితే ఎకరం పొలం బేరం పెట్టుకుంటాను.
- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: ఊరి పేరు, దేశం పేరు మారుతుంటాయి కానీ ఈ ఉత్తరం నాకు ఏటా వస్తూనే ఉంటుంది. పైకి పొగ గురించీ చలి గురించీ అడుగుతారు. లోపల మెలిపెడుతున్నది మాత్రం ‘డబ్బు చాలక పిల్లను దూరదేశానికి నెట్టేస్తున్నానా’ అన్న బాధ. ముందు దానికే జవాబు చెబుతాను.

జిన్‌జౌ ఈశాన్య చైనాలో, లియావోనింగ్ ప్రావిన్సులో ఉంది. బీజింగ్ నుంచి షెన్యాంగ్ వెళ్లే రైలు దారి మీది ఊరు. బోహాయ్ సముద్రం దగ్గరే. చమురు శుద్ధి కర్మాగారం, ఫెర్రో అల్లాయ్ పరిశ్రమ, ఓడరేవు ఉన్నాయి. విశాఖ చూసినవారికి ఆ వాతావరణం మరీ కొత్తగా అనిపించదు. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు చైనా భారీ పరిశ్రమలకు పుట్టినిల్లు. 1990లలో ప్రభుత్వ కర్మాగారాలు కుదేలై లక్షలమంది పనులు పోగొట్టుకున్నారు, యువత దక్షిణానికి వలసపోయింది. అక్కడ బతుకు చౌక కావడానికి అదొక కారణం. చౌకగా ఉందంటే భద్రత లేదని భయపడకండి. కాల్చిన మాంసం తినుబండారాలకు జిన్‌జౌ పేరుమోసిన ఊరు. పొద్దుపోయేదాకా వీధుల్లో కుటుంబాలు కూర్చునే ఉంటాయి. ఆడపిల్లలు రాత్రి పదింటికి నడిచి హాస్టలుకు రావడం మామూలే. వింతగా చూస్తారు, ఫొటో దిగమంటారు, రంగు గురించి మొహం మీదే అడిగేవారూ ఉంటారు. మొదటి నెలల్లో మనసు నొచ్చుకుంటుంది. ఆ సంగతి అమ్మాయికి ముందే చెప్పండి.

చలి నిజమే. జనవరి రాత్రుళ్లు సున్నాకు పది డిగ్రీలు దిగువకు పోతుంది. అయితే మన లంబసింగిలో ఇంట్లో కూడా వణుకుతాం, అక్కడ అలా కాదు. నవంబరు మొదలు మార్చి చివరిదాకా ఊరంతటికీ గొట్టాల ద్వారా వేడినీరు పంపి గదులను వెచ్చగా ఉంచుతారు. పిల్లలు లోపల పలుచటి బట్టల్లో తిరుగుతారు. గాలి పొడిబారి పెదవులు పగులుతాయి, అందుకని వేడి గొట్టం పక్కన గిన్నెతో నీళ్లు పెట్టుకుంటారు. అన్నానికీ కరువు లేదు. పొరుగునున్న పాన్‌జిన్ వరికి ప్రసిద్ధి. పొట్టి గింజ, వండితే ముద్దవుతుంది. సోనా మసూరికి అలవాటుపడిన పిల్లలు మొదట్లో మొహం చిట్లించినా, తర్వాత అదే బియ్యంతో పులిహోర కలుపుకున్నవాళ్లు నాకు తెలుసు. పచ్చళ్లు మీరు ఎలాగూ కడతారు.

మీకు అసలు కష్టం ఫోను దగ్గర వస్తుంది. వాట్సాప్ అక్కడ పనిచేయదు. వాళ్లు వాడే వీచాట్‌ను మన దేశం 2020లో నిషేధించింది. పిల్లలు ఏదో ఒక దారి వెతుక్కుంటారు, కానీ ఒక్కోరోజు మాట కలవదు. ఇక్కడ రాత్రి పదైతే అక్కడ పన్నెండున్నర. ఫోను రాని రాత్రి ఏదో జరిగిపోయిందని కంగారుపడి ఆ పిల్లను మరింత కంగారు పెట్టకండి. అక్కడ చేరిన ముప్పై రోజుల్లో నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. దానికోసం పాస్‌పోర్టు కొన్నాళ్లు అధికారుల దగ్గరే ఉంటుంది, చేతికి రసీదు ఇస్తారు. ‘చిన్న ఉద్యోగం చేసుకుని ఖర్చులు తీర్చుకుంటుంది’ అని ఏజెంటు అన్నాడా? అనుమతి లేకుండా విద్యార్థి అక్కడ పని చేయడం నేరం. ఆ ఒక్క మాటతోనే అతణ్ని నమ్మడం మానేయవచ్చు.

కాబట్టి ఊరు మీ అమ్మాయిని ఓడించదు. నా అనుమానమంతా చదువు మీదే. ఈ దారి ఇప్పుడు ఊరూరా మోజుగా మారింది కనుక కాస్త వివరంగా చెప్పనివ్వండి.

పాఠం ఇంగ్లీషులో చెబుతారు, రోగి చైనీసులో మూలుగుతాడు. రెండేళ్ల కిందట చదువు ముగించి వచ్చిన ఒక అమ్మాయి తన నోటుపుస్తకం నాకు చూపించింది. రోగిని అడగాల్సిన ప్రతి ప్రశ్నా చైనీసు లిపిలో, దాని కింద తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ. మొదటి పేజీలో ‘నీ నార్ థంగ్’ అని ఉంది. ఎక్కడ నొప్పి అని అడగడం. పక్కనే ‘నీ’ కొట్టేసి ‘నిన్’ అని దిద్దుకుంది. వాళ్లకూ నువ్వు, మీరు తేడా ఉంది, పెద్దవాళ్లను ‘నిన్’ అనాలి. అంత శ్రద్ధగల పిల్ల. అయినా వార్డులో ఒక ముసలమ్మ ఆ ప్రాంతపు యాసలో గబగబా బదులు చెబితే ఒక్క ముక్కా అర్థం కాలేదట. ముసలమ్మ తన చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టిందని చెబుతూ ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. భాషను పట్టుదలగా నేర్చుకుంది కనుకే గట్టెక్కింది. నేర్చుకోనివాళ్లు గోడ పక్కన నిలబడి కాలం వెళ్లబుచ్చుతారు.

ఫలితం ఎలా ఉందో చూడండి. బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం 2022లో చెప్పిన లెక్క ఇది: 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివి, ఇక్కడ వైద్యం చేయడానికి మన దేశం పెట్టే అర్హత పరీక్ష రాసినవారు 40,417 మంది, గట్టెక్కినవారు 6,387 మంది. ఆరుగురిలో ఒకరు. పైగా మన దేశపు 2021 నిబంధనల ప్రకారం చదువు 54 నెలలకు తగ్గకూడదు, ఇంగ్లీషులోనే సాగాలి, ఏడాది ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి, ఆ దేశంలో వైద్యం చేసే లైసెన్సుకూ అర్హత ఉండాలి. తిరిగొచ్చాక ఇక్కడ మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్. అమ్మాయి తన చేత్తో మందుల చీటీ రాసేసరికి ఇరవై ఆరేళ్లు దాటతాయి. 2020 జనవరిలో సెలవులకు వచ్చిన పిల్లలు కరోనా వల్ల రెండున్నరేళ్లు వెనక్కి వెళ్లలేక ఇంట్లో కూర్చుని ఫోన్లలో అనాటమీ చదివారు. ఆ తల్లిదండ్రుల ఏడుపు విన్నదాన్ని కనుక చెబుతున్నాను.

ఇక మిమ్మల్ని నాలుగు మాటలు అనక తప్పదు. మీ ఉత్తరంలో పొలం ఉంది, ఏజెంటు ఉన్నాడు, పొగ ఉంది. మీ అమ్మాయి మాట ఒక్కటీ లేదు. డాక్టరు కావాలన్నది ఆమె కోరికా, మీ వీధి అరుగు మీది గొప్పా? ఇంటర్లో జీవశాస్త్రం ఇష్టంగా చదివిందా, బట్టీ పట్టిందా? కొత్త భాషంటే సరదాపడే పిల్లేనా? ఇవి తెలుసుకోకుండా ఎకరం బేరం పెట్టడం తండ్రి ప్రేమ అనిపించుకోదు. తొందరపాటు. పొలం మళ్లీ కొనవచ్చునేమో, పద్దెనిమిదికీ ఇరవై ఆరుకీ మధ్య వయసు తిరిగి రాదు.

పోల్చి చెప్పమన్నారు. జార్జియాలో రోగి జార్జియన్ మాట్లాడతాడు, కిర్గిజ్‌స్థాన్‌లో కిర్గిజ్, రష్యన్. వార్డులో కథ అదే. చలి, ఖర్చు, విమాన దూరం లెక్కలు వేసి ఒక దేశాన్ని గెలిపించడం నాకు ఇష్టం లేదు.

వెళ్లాలని అమ్మాయే పట్టుబడితే అడ్డుకోకండి. నాలుగు నెలలు చైనీసు నేర్పించే చోట చేర్పించి చూడండి. ఇష్టం పుడితే ధైర్యంగా పంపండి, ఆ ఆరుగురిలో ఒకరు ఆమె ఎందుకు కాకూడదు? ఆ కళాశాలకు విదేశీయులకు ఇంగ్లీషులో బోధించే అనుమతి ఉందో లేదో చైనా విద్యాశాఖ జాబితాలో మీరే చూసుకోండి, ఏజెంటు చూపిన కాగితం చాలదు. ఇష్టం పుట్టకపోతే ఇంకోసారి నీట్ రాయడం, బీఎస్సీ నర్సింగ్, ఫార్మ్‌డీ, ఫిజియోథెరపీ అన్నీ ఇక్కడే ఉన్నాయి. వాటిని తక్కువ చదువులుగా ఆమె ముందు మాట్లాడకండి, మీ నోట విన్న చులకన పిల్లల్లో చాలాకాలం నిలుస్తుంది.

పొలం బేరం ఆపండి. ఈసారి ఉత్తరం అమ్మాయి చేత రాయించండి. రాసేటప్పుడు మీరు పక్కన కూర్చోవద్దు.