క్లాసులో లేని వణుకు మైకు దగ్గరే ఎందుకు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. క్లాసులో ఏ ఇబ్బందీ లేదు. మైకు పట్టుకుంటే మాత్రం చేతులు వణుకుతాయి, గొంతు పూడుకుపోతుంది. పోయినేడాది తల్లిదండ్రుల సమావేశానికి మా వారు రాసిచ్చిన ప్రసంగం బట్టీపట్టి వెళ్లాను. రెండో పేరాకే మర్చిపోయి, 'ఇంతటితో ముగిస్తున్నాను' అని కూర్చున్నాను. మా వారూ టీచరే, సంఘం నాయకుడు, మంచి వక్త. ఆ రోజు ముందు వరసలో కూర్చుని పెదవులతో పదాలు అందించారు. ఇంటికొచ్చాక మా అత్తగారి ముందే తప్పులన్నీ ఏకరువు పెట్టారు. ఇప్పుడు సీనియారిటీలో హెడ్మిస్ట్రెస్ ప్రమోషన్ నా వంతుకి వచ్చింది. వద్దని రాసిచ్చేద్దామా అనిపిస్తోంది. మీటింగు రోజు ఒక మాత్ర వేసుకుంటే వణుకు ఉండదని తోటి టీచర్ చెప్పింది, వేసుకోవచ్చా? ఇంటర్ చదివే మా అమ్మాయి కూడా నలుగురిలో నోరు విప్పదు. నా భయమే దానికి వచ్చిందా?
– ఒక టీచర్, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు:

టీచర్ గారూ,

ప్రమోషన్ సంగతి ముందు తేల్చేద్దాం. మైకు భయంతో అయితే వద్దని రాసివ్వకండి. దూరం పోస్టింగ్ వస్తుందనో, ఇంట్లో పెద్దవాళ్లని చూసుకోవాలనో వదులుకుంటే అది వేరే లెక్క, అది మీ ఇష్టం. కానీ హెడ్మిస్ట్రెస్ ఉద్యోగంలో ప్రసంగాల వాటా ఎంతో ఒక్కసారి చూడండి. ఆగస్టు 15, జనవరి 26, తల్లిదండ్రుల సమావేశాలు, వార్షికోత్సవం, ఎవరైనా అధికారి వచ్చిన రోజు. మిగతా ఏడాదంతా మధ్యాహ్న భోజనం లెక్కలు, టీచర్ల సెలవులు, అడ్మిషన్లు, టెన్త్ రిజల్టు. వీటిలో మీకు చేతకానిది ఏదీ ఉన్నట్టు మీ ఉత్తరంలో కనపడలేదు. ఇన్నేళ్ల సర్వీసుని ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల కోసం వదిలేస్తారా?

ఇంకో మాట. వద్దని రాసిచ్చిన రోజు మీకు ఎంతో హాయిగా ఉంటుంది. ఆ రాత్రి నిద్ర కూడా బాగా పడుతుంది. చిక్కు అక్కడే ఉంది. తప్పించుకున్న ప్రతిసారీ దొరికే ఆ హాయే భయాన్ని పెంచి పోషిస్తుంది. ప్రార్థన సమయంలో మైకు పీఈటీ గారికి అప్పగించడం, వార్షికోత్సవం నాడు భోజనాల ఏర్పాట్లలో తిరుగుతూ స్టేజీకి దూరంగా ఉండటం – మీరు రాయలేదు గానీ ఇలాంటివి చేస్తూనే ఉండి ఉంటారు. ఈ భయం ఉన్నవాళ్లు చాలామంది చేసేది అదే.

ఇక అసలు విషయం. మీకు మాట్లాడటం రాదన్నది అబద్ధం. నలభై మంది పిల్లల్ని పీరియడ్ మొత్తం కూర్చోబెట్టి బీజగణితం చెప్పడం కంటే కష్టమైన ఉపన్యాసం ఉంటుందా? బోర్డు మీద ఒక స్టెప్పు తప్పు రాస్తే మీరేం చేస్తారు? 'ఎక్కడ తప్పు చేశానో చెప్పండి చూద్దాం' అంటారు, పిల్లలు అరుస్తారు, తుడిచేసి ముందుకెళ్తారు. గుండె దడ రాదు. ఎందుకంటే క్లాసులో మీ చూపు పిల్లల మీద ఉంటుంది. వీడికి అర్థమైందా, ఆ చివరి బెంచీ వాడు వింటున్నాడా అని చూస్తుంటారు. స్టేజీ ఎక్కగానే ఆ చూపు మీ మీదకే తిరుగుతుంది. నా గొంతు ఎలా ఉంది, చెయ్యి వణుకుతోందా, ఆయన మొహం ఎలా పెట్టారు! ఒంట్లో అడ్రినలిన్ పెరగడం, నోరు ఎండిపోవడం, గుండె వేగంగా కొట్టుకోవడం మైకు ముందు నిలబడే చాలామందికి అయ్యేవే. అవి సాధారణంగా మొదటి ఒకటి రెండు నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, మాటల్లో పడ్డాక తగ్గుతాయి. మీరు రెండో పేరాకే కూర్చున్నారు కాబట్టి ఆ తగ్గడం ఎలా ఉంటుందో చూసే అవకాశం మీకు రాలేదు.

పైగా ఆ దడ మీకు వినిపించినంతగా ఎదుటివాళ్లకి కనిపించదు. అమెరికాలో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే సైకాలజిస్టులు 2003లో దీని మీద ప్రయోగాలు ప్రచురించారు. ప్రసంగించేవాళ్లు తమ కంగారు అందరికీ తెలిసిపోతోందని అనుకుంటారు, వినేవాళ్లకి మాత్రం అంత తెలియదు. ఈ సంగతి ముందే చెప్పి పంపిన వాళ్లు మిగతావాళ్ల కంటే బాగా మాట్లాడారు కూడా. కాబట్టి ఇప్పుడు మీకు చెప్పేశాను, గుర్తుపెట్టుకోండి.

మీ వారి విషయానికి వద్దాం. ఆయన చెడ్డవారు కాదు, సాయం చేద్దామనే చూశారు. కానీ ఆయన రాసిచ్చింది ఆయన నోటికి సరిపోయే ప్రసంగం. 'వేదికనలంకరించిన పెద్దలకు, విద్యాభిమానులకు' అని మొదలై ఉంటుంది, అవునా? మీరు రోజూ మాట్లాడని భాషని బట్టీపడితే ఒక్క పదం జారినా దాని వెనక ఉన్నదంతా కూలుతుంది. ఆ పైన ముందు వరసలోంచి పెదవులు కదిలించడం. పరీక్ష రాసే పిల్లవాడి పక్కన వాళ్ల నాన్న నిలబడి జవాబులు చెబుతుంటే మీరు ఒప్పుకుంటారా?

ఆయనతో కోపం లేని రోజు చూసి, భోజనాలయ్యాక ఇలా చెప్పండి: 'ఏమండీ, ఈసారి నేనే రాసుకుంటాను. మీరు సభకి రావద్దు. ఎలా జరిగిందో ఆ రోజు అడగొద్దు, నేనే చెప్తాను.' అంతకు మించి వాదించకండి. అత్తగారి ముందు తప్పులెంచడం గురించి మాత్రం విడిగా, గట్టిగా చెప్పాలి. మీకు భయమేసింది స్టేజీ మీదే కావచ్చు, పరువు పోయినట్టు అనిపించింది ఇంట్లో. సంఘం నాయకుడి భార్య గెజిటెడ్ హెడ్మిస్ట్రెస్ అయితే, సీనియారిటీలో ఆయన వెనక ఉంటే, ఆయనకీ లోపల ఏదో కొంచెం గుచ్చుకుంటుండవచ్చు. ఇది నా ఊహ. తప్పయితే వదిలేయండి.

గాంధీ గారికే భయముండేది అని చెప్పి ఓదార్చడం నాకు పెద్దగా నచ్చదు. కానీ ఆయన కథలో మీకు పనికొచ్చేది ఒకటుంది. లండన్‌లో శాకాహారుల సంఘంలో ఆయన మాట్లాడలేక, కాగితం మీద రాసుకెళ్తే వేరేవాళ్లు చదివారు. బారిస్టరై వచ్చాక బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసులో క్రాస్ ఎగ్జామినేషన్‌కి లేచి, ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుని, తీసుకున్న 30 రూపాయల ఫీజు తిరిగిచ్చేశారు. అదే మనిషి 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో అక్కడి భారతీయ వర్తకుల్ని కూర్చోబెట్టి వ్యాపారంలో నిజాయితీ గురించి మాట్లాడారు. తన మొదటి బహిరంగ ప్రసంగం దాన్నే అనుకోవచ్చని ఆయనే రాసుకున్నారు. ఆ మనుషులతో ఆయనకి పని ఉంది, వాళ్లకి చెప్పాల్సిన విషయం ఉంది. మీకూ అంతే. తల్లిదండ్రులకి మీరు నిజంగా చెప్పాలనుకునేది ఏమిటి? 'ఎనిమిదో తరగతికి వచ్చినా కొందరికి భాగహారం రావడం లేదు, రాత్రి పూట పావుగంట కూర్చోబెట్టండి' అనా? అయితే అదే మీ ప్రసంగం. దానికి బట్టీ అక్కర్లేదు.

రాసుకునేటప్పుడు మొదటి రెండు వాక్యాలు, చివరి ఒక్క వాక్యం పూర్తిగా రాసుకోండి. మధ్యలోదానికి మూడు నాలుగు మాటలు చాలు, పెద్ద అక్షరాలతో. పల్చటి కాగితం మీద వద్దు. చేతిలో ఏమాత్రం వణుకున్నా కాగితం దాన్ని పదింతలు చేసి చూపిస్తుంది. పెళ్లి శుభలేఖ లాంటి గట్టి అట్ట ముక్క తీసుకోండి. మైకు స్టాండుకే ఉండనివ్వండి. అట్ట వెనక పక్క సర్పంచ్, ఎంపీటీసీ, కమిటీ చైర్మన్, ఎంఈఓ గార్ల పేర్లు హోదాలతో వరసగా రాసి, సభకి ముందు ఇంకో టీచర్‌తో సరిచూపించండి. మన దగ్గర ప్రసంగం ఎంత బాగున్నా గుర్తుండకపోవచ్చు, పేరు మర్చిపోతే మాత్రం ఆరు నెలలు చెప్పుకుంటారు. ఆ భయం అర్థంలేనిది కాదు, అందుకే దాన్ని జ్ఞాపకశక్తికి వదలకూడదు.

లేవబోయే ముందు ఊపిరి నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు ఏడు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి, ఐదారుసార్లు. వదలడం పొడుగ్గా ఉంటే గుండె వేగం కాస్త దిగుతుంది. ఆ రోజు రెండో కాఫీ మానేయండి. స్టేజీ మీద ఒక నల్లబల్ల పెట్టించుకుని ఏదో ఒకటి రాయండి, సుద్దముక్క చేతిలో ఉంటే మీరు మళ్లీ టీచరే. మధ్యలో మాట మర్చిపోతే ఆగి, అట్ట చూసుకుని, మళ్లీ మొదలుపెట్టండి. ఆ ఆగడం మీకు యుగంలా ఉంటుంది, వినేవాళ్లకి మూడు సెకన్లు.

అన్నిటికంటే ముందు చిన్న చిన్న చోట్ల అలవాటు కావాలి. రేపటి నుంచి ప్రార్థనలో వారానికి ఒకసారైనా ఒక నిమిషం మైకు మీరు తీసుకోండి. పిల్లలకి ఒక లెక్కల పొడుపు విసరండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మీ సబ్జెక్టు మీద ఐదు నిమిషాలు అడిగి మరీ పుచ్చుకోండి. సభల్లో అయితే వందన సమర్పణ అడగండి. కొత్తవాళ్లకి అంతకంటే మంచి అవకాశం లేదు: రెండు నిమిషాల పని, జనం కుర్చీలు సర్దుకుంటూ ఉంటారు, ఎవరూ పట్టించుకోరు, మీకు మాత్రం మైకు అలవాటవుతుంది. ఒక్కోచోటా దడ సగానికి తగ్గేదాకా మళ్లీ మళ్లీ చేసి, తర్వాతే పెద్దదానికి వెళ్లండి.

మాత్ర గురించి. మీ స్నేహితురాలు చెప్పింది బహుశా ప్రొప్రనలాల్ అయి ఉంటుంది. దడ, వణుకు తగ్గిస్తుంది, నిజమే. కానీ ఆస్తమా ఉన్నవాళ్లు వేసుకోకూడదు. గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకి, షుగర్ మందులు వాడేవాళ్లకి కూడా జాగ్రత్తలున్నాయి. ఇంకొకరి చీటీలోంచి అడిగి వేసుకునే మందు కాదది. డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్లండి, వేరే కారణంతో: మీ వయసులో దడ, చెమట, వణుకు థైరాయిడ్ వల్ల రావచ్చు, రక్తం తక్కువై దడ రావచ్చు, నెలసరి ఆగే ముందు మార్పుల వల్లా కావచ్చు. మామూలు రక్తపరీక్షలతో చాలావరకు తేలిపోతుంది. మైకు దగ్గరే కాక పెళ్లిళ్లలో నలుగురితో కూర్చుని తినడానికి, బ్యాంకులో ఎవరైనా చూస్తుండగా సంతకం పెట్టడానికి, ఫోన్ ఎత్తడానికి కూడా ఇదే కంగారు నెలల తరబడి ఉంటే అది సభాపిరికితనం అనుకుని ఊరుకోవద్దు. సైకాలజిస్టుని కలవండి, దీనికి మంచి చికిత్స ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

మీ అమ్మాయికి మీ నుంచి బిడియం కొంత వచ్చి ఉండవచ్చు. స్వభావంలో కొంత వంశం నుంచి వస్తుంది. మిగతాది చూసి నేర్చుకునేది. ఆ రోజు రాత్రి నాన్న అమ్మ తప్పులు ఏకరువు పెడుతుంటే ఆ పిల్లా వినే ఉంటుంది కదా. నోరు విప్పితే ఇదీ ఫలితం అనుకుని ఉంటుంది. 'నలుగురిలో మాట్లాడవే' అని దాన్ని పోరకండి. మీ ప్రార్థన నిమిషం ముందుగా దానికి వినిపించండి. ఎలా ఉందని అడగొద్దు, ఏం అర్థమైందో చెప్పమనండి. కాలేజీలో సెమినార్ వచ్చినప్పుడు అదీ మీ దగ్గరికి వచ్చి చెబుతుంది. అప్పుడు మీరూ ఆ ఒక్క ప్రశ్నే అడగాలి, ఉచ్చారణ దిద్దకూడదు. ఆపుకోవడం కష్టమే, మనం టీచర్లం కాబట్టి.