‘గెట్’ అనే ఇంగ్లీష్ క్రియకు ఇన్ని అర్థాలు ఎందుకున్నాయి? దాన్ని ఎలా నేర్చుకోవాలి?

నిఘంటువులో ‘గెట్’ కింద పేజీల కొద్దీ అర్థాలు కనిపిస్తున్నాయని, వాటన్నిటినీ కంఠస్థం చేయక తప్పదా అని మీరు అడిగారు. అమీర్‌పేటలో చాలాకాలంగా స్పోకెన్ ఇంగ్లీష్ బోధిస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది జిల్లాల్లో తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఉద్యోగ ప్రయత్నాల కోసం హైదరాబాద్ చేరినవారే. వారికి చెప్పే మాటే మీకూ చెబుతాను: ఈ క్రియ అర్థాలను బట్టీ పట్టవద్దు. ఇంతకుముందు లేనిది చేతికి రావడం, ఇంతకుముందు లేని చోటికో స్థితికో చేరడం అన్న భావాన్ని పట్టుకుంటే, మిగిలినదంతా దాని పక్కన వచ్చే మాటే చెబుతుంది.

పక్కన వస్తువు పేరు ఉంటే దక్కడం, గుణం ఉంటే మారడం, చోటు ఉంటే చేరడం. ‘ఐ గాట్ ఎ జాబ్’, ‘షి గాట్ యాంగ్రీ’, ‘వి గాట్ హోమ్ లేట్’ అనే వాక్యాలను తెలుగులో చెప్పి చూడండి: నాకు ఉద్యోగం వచ్చింది, ఆమెకు కోపం వచ్చింది, మేము ఇంటికి ఆలస్యంగా వచ్చాం. మూడు చోట్లా మన ‘వచ్చు’ క్రియ సరిపోయింది, దాని అర్థాలను మనమెవరమూ పట్టిక వేసుకుని నేర్చుకోలేదు. అయితే తెలుగులో ఉద్యోగమూ కోపమూ జ్వరమూ మన దగ్గరకు వస్తాయి కనుక మనిషికి ‘కు’ విభక్తి చేరుతుంది. ఇంగ్లీష్‌లో మనిషే కర్త అవుతాడు. ‘ఫీవర్ కేమ్ టు మి’ వంటి వాక్యాలు పుట్టేది ఈ తేడా దగ్గరే. దీన్ని ముందుగా గుర్తించినవారికి సగం పని తీరినట్టే.

మన విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇతరులచేత చేయించుకునే పనుల విషయంలో. క్షౌరశాల నుంచి నేరుగా తరగతికి వచ్చిన అబ్బాయి ‘ఐ కట్ మై హెయిర్’ అంటాడు, అంటే కత్తెర తనే పట్టుకున్నాడని అర్థం వస్తుంది. ‘కట్టించాను’, ‘చేయించుకున్నాను’ అని తెలుగు క్రియలోనే ‘ఇంచు’ చేర్చి ఎంత సులువుగా చెబుతామో, ఇంగ్లీష్‌వారు ‘గెట్’తో అదే పని చేస్తారు: ‘ఐ గాట్ మై హెయిర్ కట్’, ‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్’. మనసులో ‘ఇంచు’ మెదిలినప్పుడల్లా ఈ వాక్య నిర్మాణాన్ని వాడి చూడండి.

ప్రయాణాల సంగతి క్లుప్తంగా చెబుతాను. లోపలికి వంగి కూర్చునే కారు, ఆటోలకు ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. లోపల నిలబడి నడవగలిగే ఆర్టీసీ బస్సు, మెట్రో రైలు వంటివాటికి ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’ అంటారు. నగరంలో వాహనం దిగడానికి అందరూ అనే ‘గెట్ డౌన్’ మన మధ్య చక్కగా చెల్లుతుంది, దాన్ని తప్పని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. కానీ విదేశీయుల చెవికి అది కిందికి వంగమన్నట్టు వినిపించవచ్చు కనుక, ఇంటర్వ్యూలో ‘గెట్ ఆఫ్’ అనడమే మేలు.

ఇక పుట్టుక. ఈ మాట ఇంగ్లీష్‌కు స్కాండినేవియా నుంచి వచ్చింది. 793లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠంపై దాడి చేసిన వైకింగులు, అంటే స్కాండినేవియా సముద్ర యోధులు, తరువాతి శతాబ్దంలో ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వారి నార్స్ భాషలో పొందడానికి ‘గెటా’ అనేవారు. పాత ఇంగ్లీష్‌లో దీని తోబుట్టువు మరో మాటతో కలిసి మాత్రమే ఉండేది, ‘ఫర్‌గెట్’ అలాంటి సమాసమే. అక్కడ ‘గ’కారం ‘య’లా పలికేది, నేటి గట్టి ‘గ’ ఉచ్చారణ నార్స్ ప్రభావమే. ఇంకా వెనక్కి వెళితే, ఐరోపా, ఉత్తర భారత భాషల్లో చాలావాటికి మూలమైన ఇండో-యూరోపియన్ భాషలో పట్టుకోవడం అనే అర్థమున్న ధాతువు ఒకటి కనిపిస్తుంది. లాటిన్ ద్వారా వచ్చిన ‘కాంప్రహెండ్’ (అర్థం చేసుకోవడం), ‘ప్రిజన్’ (జైలు) కూడా ఆ కుదురువే. ‘ఐ గెట్ ఇట్’ అన్నా అర్థమైందనే. మనం ‘గ్రహించాను’ అంటామే, ఆ సంస్కృత ‘గ్రహ్’ ధాతువు వేరైనా దాని మూలార్థం కూడా పట్టుకోవడమే. ఈ సామ్యం నాకెప్పుడూ ఆనందాన్నిస్తుంది.

అమెరికా కంపెనీలలో పనిచేయబోయేవారు మరొకటి గమనించాలి. బ్రిటన్‌లో చాలావరకు వాడుక తప్పిన ‘గాటెన్’ అనే ‘గెట్’ మూడో రూపం అమెరికాలో నిలిచింది. అక్కడ ‘ఐ హావ్ గాట్ ఎ కార్’ అంటే కారు ఉందని, ‘ఐ హావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించానని. బ్రిటిష్ పద్ధతిలో పరీక్ష రాసేవారు మాత్రం ‘గాట్’ దగ్గరే ఆగాలి.