డీ అండ్ డీలో డ్వార్ఫ్ కమ్మరి పాత్రకి ఫైటర్ మేలా, క్లెరిక్ మేలా?

డీ అండ్ డీ అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేసి ఆడే ఆట. అందులో డ్వార్ఫ్ (పొట్టిగా, గట్టిగా ఉండే జాతి) కమ్మరి అనగానే అందరూ ఫైటర్ (ఆయుధాలతో పోరాడే యోధుడు) వైపే వెళ్తారు, తప్పేం లేదు, కానీ నన్నడిగితే ఫోర్జ్ డొమైన్ (కొలిమి దేవుళ్ల శాఖ) క్లెరిక్‌ని, అంటే దైవశక్తితో మంత్రాలు వేసే పూజారిని తీసుకోండి. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్ ప్రకారం చెప్తున్నా, ఈ డొమైన్ మాత్రం 2017లో అనుబంధ రూల్స్ పుస్తకం జానథార్స్ గైడ్‌లో వచ్చింది. మొదటి లెవెల్లోనే లాంగ్ రెస్ట్ (ఆటలో సుదీర్ఘ విశ్రాంతి) అయ్యాక ఏదో ఒక మామూలు ఆయుధాన్నో కవచాన్నో ముట్టుకుని +1 (దెబ్బకో రక్షణకో ఒక పాయింటు అదనం) ఇవ్వొచ్చు. రెండో లెవెల్ నుంచి గంటసేపు పూజ లాంటిది చేసి 100 బంగారు నాణేల విలువ దాకా లోహపు వస్తువు తయారుచేయొచ్చు, కాకపోతే అంత విలువైన లోహం ముందు పెట్టాలి, ఊరికే గాల్లోంచి రాదు (నాణేలు పెట్టినా చాలు).

హిల్ డ్వార్ఫ్ (డ్వార్ఫుల్లో ఒక ఉపజాతి) అయితే క్లెరిక్ మంత్రాలకి ఆధారమైన విజ్డమ్‌కి +1, లెవెల్‌కో హిట్ పాయింట్ (ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే అంకె) అదనం.

ఇక నటన సంగతి. కమ్మరి ఇనుము ఎంత కాలిందో రంగు చూసి చెప్తాడు. డ్వార్ఫ్‌కి కటిక చీకట్లోనూ 60 అడుగుల దాకా కనిపిస్తుంది, కానీ అంతా బూడిదరంగే. అంటే గుహలో పుట్టి పెరిగినవాడికి ఎరుపూ పసుపూ తెలిసింది కొలిమి దగ్గరే! నాకైతే ఈ ఒక్క ముక్క చాలు. ఏ ఊరెళ్లినా సత్రం కంటే ముందు కొలిమి ఎక్కడని అడగనివ్వండి, పక్కవాడి కత్తి అంచు మీద బొటనవేలు ఆనించి "దీన్నెవడు కొట్టాడయ్యా?" అని గొణగనివ్వండి.