బవెయాన్ దీవి మగవాళ్లు ఎందుకంతగా విదేశాలకు వెళ్లేవారు?

బవెయాన్ అంటే జావా సముద్రంలో ఒక చిన్న దీవి. ఇండోనేసియాలోని గ్రెసిక్ జిల్లాకు చెందుతుంది. పొట్టకూటి కోసం వెళ్లడం ఒక కారణమే. కానీ అంతకంటే బలమైనది ఆచారం: పరాయి దేశం చూసి రాని కుర్రాడిని పూర్తిగా మగవాడైనట్టు లెక్కించేవారు కాదు. ఇలా వెళ్లడాన్ని 'మెరాంతావ్' అంటారు. ఊళ్లో ఆడవాళ్లే ఎక్కువగా మిగలడంతో ఆ దీవికి 'పులావ్ పుత్రి', అంటే ఆడవాళ్ల దీవి, అన్న పేరొచ్చింది.

ఎక్కువమంది సింగపూర్, మలేసియాలకే వెళ్లారు. సింగపూర్‌లో వీళ్లని 'బోయన్' అనేవారు. గుర్రాల సంరక్షణ, తర్వాత డ్రైవర్ పని వీళ్లకు పేరు తెచ్చాయి.

నాకు బాగా నచ్చేది 'పొండోక్' పద్ధతి. ఒకే ఊరివాళ్లంతా కలిసి ఉండే ఇల్లది. కొత్తగా ఓడ దిగినవాడికి పడుకోవడానికి చోటు, పని దొరికే దారి, కష్టమొస్తే పెద్దదిక్కు, అన్నీ అక్కడే. తెలియని ఊళ్లో టెన్షన్ సగం తగ్గిపోయేది. ఆ ఇళ్లు ఇప్పుడు లేవు. 1934లో మొదలైన సింగపూర్ బవెయాన్ సంఘం మాత్రం ఇంకా ఉంది.