ఊరికే చేసింది చాలు, ముందు అడ్వాన్సు అడుగు

చెల్లీ, అనంతపురంలో మూడు పార్లర్లకు రెండు నెలలుగా ఇన్‌స్టా నడుపుతున్నా, డబ్బు మాటెత్తితే ‘వచ్చే నెల చూద్దాం’ అంటున్నారని రాశావు కదా. నేనూ కడపలో అట్లాగే మొదలుపెట్టి, ఆరు నెలలు ఫేషియళ్లతో సరిపెట్టుకున్నా. ముఖం మెరిసింది, పర్సు మాత్రం నిండలేదు.

మూడింటిలో పెళ్లికూతురి మేకప్ బాగా చేసే ఒక్కరిని పట్టుకో. మిగతా ఇద్దరికీ ఓ దండం పెట్టు. థ్రెడింగ్‌కు ఎవరూ ప్రకటన చూసి రారు, ఇంటిపక్కకే పోతారు. పెళ్లి మేకప్‌కైతే హిందూపురం నుంచైనా ఫోన్ చేస్తారు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, పార్లర్ ఖాళీ. ఆ నెలలోనే ఫొటోలు, రీళ్లు సిద్ధం చేసి శ్రావణానికి వదలాలి. అంతకన్నా ముందు గూగుల్ మ్యాప్స్‌లో షాపు ఫోన్ నంబరు, వేళలు సరిచెయ్. వచ్చిన ప్రతి కస్టమర్‌నూ ‘మా గురించి ఎట్లా తెలిసింది?’ అని అడిగి నోట్‌బుక్కులో రాయమను. నెలాఖరుకు ఆ లెక్క చూపించే రేటు మాట్లాడు. సగం అడ్వాన్సు చేతిలో పడ్డాకే పని. మొహమాటపడితే మళ్లీ ఫేషియలే.

పెళ్లికూతురి ఫొటో పెట్టాలంటే ఆమె ఒప్పుకోలు వాట్సాప్‌లోనైనా రాయించుకో. మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ‘వారంలో తెల్లబడతారు’ లాంటివి ఓనరు ఎంత పోరినా రాయకు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల దాకా జరిమానా ఉంది.

జీఎస్టీ అడిగావు. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాటిన రోజు నాకో ఫేషియల్ బాకీ.