మా అత్తగారి మట్టికుండ, టీవీలో భౌతికశాస్త్రం

ప్రకృతిని భౌతికశాస్త్రం వైపు నుంచి చూపించే ఒక డాక్యుమెంటరీని ఇంటిల్లిపాదీ కలిసి చూశామనీ, పిల్లలు కాసేపటికే ఫోన్లలో పడిపోయారనీ, ఏళ్ల తరబడి మిరప సాగు చేసిన మీ నాన్నగారు "ఇవన్నీ మాకు తెలిసినవేలే" అని మధ్యలోనే లేచి వెళ్లిపోయారనీ, ఇటువంటి కార్యక్రమాల వల్ల మామూలు ప్రేక్షకులకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా అనీ గుంటూరు నుంచి మీరు అడిగారు. నేను విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. గత వేసవిలో ఇటువంటిదే ఒక ధారావాహికను తెలుగు అనువాదంతో వారం వారం మా ఇంట్లో చూశాము. తప్పకుండా ఒరుగుతుందనే నా సమాధానం. అయితే చూస్తున్నవారు మధ్యలో అడ్డుపడి అనే మాటలను మిగిలినవారు ఎలా తీసుకుంటారన్న దాని మీద అది చాలావరకు ఆధారపడి ఉంటుంది. మీ నాన్నగారు అన్నది అటువంటి మాటే. అటువంటి మాటను నేను ఒకసారి కొట్టిపారేసి పొరపాటు చేశాను కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

మా ఇల్లు సత్యనారాయణపురంలో. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మా అత్తగారు, మావారు, ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న మా అబ్బాయి, మూడో తరగతి పాప, నేను టీవీ ముందు చేరేవాళ్లం. మొదటి భాగం వెలుగు గురించి. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో చెప్పడం మొదలుపెట్టగానే మా అబ్బాయి "రేలీ స్కాటరింగ్, లామ్డా పవర్ ఫోర్, మాకు వచ్చు" అని ఫోన్ తీశాడు. వాడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. గాలిలోని అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయి. ఆ చెదరడం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది కాబట్టి 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. అంతకు ముందే తెర మీద పట్టకం గుండా రంగులు విడిపోవడం చూసిన పాప, "ఊదా రంగు నీలం కన్నా చివర ఉంది కదా, మరి ఆకాశం ఊదాగా ఎందుకు లేదు?" అని అడిగింది. వాడి దగ్గర జవాబు లేదు. సూర్యకాంతిలో ఊదా పాలు తక్కువ కావడం, అందులోనూ కొంత పై వాతావరణంలోనే ఇంకిపోవడం, మన కంటికి ఊదాను పట్టుకునే శక్తి తక్కువ కావడం, ఈ మూడూ కలిసి మనకు నీలమే కనిపిస్తుందని నేను చెబితే, "ఇది సిలబస్‌లో లేదమ్మా" అన్నాడు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. వాడు చదివే కళాశాలలో ఒక ప్రశ్నకు నిమిషంన్నర మించి ఖర్చు పెట్టవద్దని రోజూ నేర్పుతారు. ఆ వయసు పిల్లలు ఇటువంటి కార్యక్రమాల మీద ఆసక్తి చూపకపోతే వారిని తప్పుపట్టలేము; సూత్రం వచ్చేసింది కాబట్టి ఇక చూడవలసింది ఏమీ లేదన్న భావన వారికి మేమే, అంటే బోధించేవాళ్లమే, అలవాటు చేశాము.

ఆ భాగంలో సి.వి. రామన్ పేరు రాకపోవడం నాకు వెలితిగా అనిపించింది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన ఆయన, 1921లో ఓడలో ప్రయాణిస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూసి, అది ఆకాశపు ప్రతిబింబమేనన్న భౌతికశాస్త్రవేత్త రేలీ అభిప్రాయంతో సమాధానపడలేదు. వెంట ఉన్న నికోల్ పట్టకంతో, నీటి మీద ప్రతిఫలించిన ఆకాశపు మెరుపును తొలగించి చూస్తే నీలం ఇంకా నిండుగా కనిపించింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని తేల్చారు. 1928 ఫిబ్రవరి 28న బయటపడిన రామన్ ఫలితానికి దారి అక్కడే పడింది. పెద్దవారు చెప్పిన మాటకూ తన కంటికి కనిపించినదానికీ పొత్తు కుదరక ఆయన అడ్డుపడ్డారు. మా అత్తగారు చేసిందీ అదే పని అని నాకు కొన్ని వారాల తరువాత గాని తట్టలేదు.

మే నెల మూడో వారంలో వచ్చిన భాగం వేడి గురించి. ఆస్ట్రేలియాలో కంగారూలు మండుటెండలో తమ ముంజేతులను నాకి తడి చేసుకుంటాయి. ఆ తడి ఆవిరవుతూ కింద ఉన్న రక్తనాళాలలోని వేడిని తీసుకుపోవడం ఉష్ణకెమెరాలో రంగులు మారుతూ ఎంతో స్పష్టంగా కనిపించింది. అత్తగారు ఏడో తరగతి దాకా చదువుకున్నారు, అదీ తెలుగు మాధ్యమంలో. వ్యాఖ్యాత "బాష్పీభవనం" అన్న మాట పలకగానే, ఆ మాట మా అబ్బాయికి అర్థం కాకపోగా ఆవిడకు వెంటనే అర్థమైంది. "మన కుండ చేసే పనీ అంతేగా" అని, కాసేపు ఆగి, "కానీ అమ్మాయ్, వడగాలి కొట్టిన రోజున నీళ్లు చల్లబడినట్టు ఉక్కపోసిన రోజున చల్లబడవు. ఎండ ఎక్కువ ఉన్ననాడే కుండలో నీళ్లు బాగుంటాయి. అదేమిటో ఆయన చెప్పలేదే" అన్నారు. నేను తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే, "బయట మండిపోతుంటే ఏ నీళ్లయినా చల్లగానే అనిపిస్తాయి అత్తయ్యా, అది మన భ్రమ" అన్నాను. ఆవిడ "అంతేనేమోలే" అని ఊరుకున్నారు.

నేను చెప్పినది తప్పని ఆ రాత్రి పడుకోబోతుండగా తట్టింది. కుండ చల్లబడేది గోడలోని సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు బయటి ముఖం మీద ఆవిరైనప్పుడు. ఒక్క గ్రాము నీరు అలా ఆవిరైతే, అర కిలోకు పైగా నీటిని ఒక డిగ్రీ చల్లబరచగలిగినంత వేడిని తనతో తీసుకుపోతుంది. ఆ ఆవిరవడం ఎంత వేగంగా జరుగుతుందన్నది గాలి ఎంత పొడిగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మన ప్రాంతంలో మే నెలలో పడమటి నుంచి వచ్చే వడగాలి నిప్పులా కాలుస్తుంది గాని అందులో తేమ ఉండదు. సముద్రం వైపు నుంచి గాలి మళ్లిన రోజున ఎండ రెండు మూడు డిగ్రీలు తగ్గినా తేమతో చెమట ఆరదు, కుండా చెమట ఆరని మనిషిలాగే ఉండిపోతుంది. ఇదంతా నేను ఏటా తరగతిలో, గాలిలోని తేమను కొలిచే తడి బల్బు, పొడి బల్బు ఉష్ణమాపకాల పాఠంగా చెప్పేదే.

మర్నాడు ఉదయమే అత్తగారికి నా పొరపాటు చెప్పి, ఒక ఉష్ణమాపకం తెచ్చి, వెనుక వసారాలో ఉన్న కుండ దగ్గర కొలవడం మొదలుపెట్టాము. పదకొండు రోజుల పాటు మధ్యాహ్నం మూడు గంటలకు అత్తగారు చదివి చెబితే పాప తన లెక్కల పుస్తకం వెనుక పేజీలలో రాసింది. వడగాలి కొట్టిన ఒక రోజున వసారాలో 40 డిగ్రీలు ఉంటే కుండలో నీళ్లు 27 డిగ్రీలున్నాయి. నాలుగు రోజుల తరువాత ఉక్కపోతగా ఉన్ననాడు వసారాలో 36 డిగ్రీలే ఉన్నా, కుండలో 31 ఉన్నాయి. చల్లగా అనిపించడం కాదు, నిజంగానే నాలుగు డిగ్రీల తేడా. ఆ అంకెలు చూశాక మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అత్తగారు అంతటితో ఆగలేదు. "కొత్తకుండలో నీళ్లు చల్లన అని ఊరికే అనలేదు, రెండో ఏడు ఆ కుండ పనికిరాదు" అన్నారు. నీటిలోని లవణాలు పేరుకుని రంధ్రాలు పూడుకుపోతే ఊట తగ్గుతుంది, ఊట తగ్గితే ఆవిరీ తగ్గుతుంది. డాక్యుమెంటరీ చెప్పని రెండు సంగతులను ఆవిడ దానికి జోడించారు.

ఆ తరువాత నుంచి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. ఎవరైనా అడ్డుపడి ఏదైనా అంటే కార్యక్రమాన్ని అక్కడే ఆపేసి, ఆ మాట పూర్తయ్యాకే ముందుకు కదిలేవాళ్లం. గంట కార్యక్రమానికి రెండు గంటలు పట్టేది. నీటి మీద పరుగెత్తే పురుగుల భాగం వచ్చినప్పుడు ఇది బాగా అక్కరకు వచ్చింది. ఆ పురుగు కాలు మోపిన చోట నీరు పలుచని రబ్బరులా కిందికి వంగడం దగ్గరగా చూపించారు. పాప నమ్మలేదు, "అది నీటిలో మునగనంత తేలికగా ఉందేమో" అన్నది. స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి, పలుచని కాగితం ముక్క మీద కుట్టుసూదిని ఉంచి మెల్లగా దించాము. కాగితం నాని మునిగిపోయింది, సూది తేలింది. పళ్లాన్ని దీపం కిందికి జరిపి చూస్తే సూదికి రెండు పక్కలా నీరు సన్నని గాడిలా వంగి ఉంది. అడుగున పడిన నీడ సూది కంటే ఎన్నో రెట్లు వెడల్పుగా, అంచున వెలుగు గీతతో కనిపించింది. వంగిన నీటి ముఖం కటకంలా పనిచేసి వెలుగును పక్కకు తిప్పడం వల్ల ఆ నీడ అంత వెడల్పవుతుంది. నేను సబ్బు కోసం లేవబోతుంటే అత్తగారు తలస్నానానికి నానబెట్టిన కుంకుడుకాయల రసం వేలి కొసతో ఒక్క చుక్క తెచ్చి పళ్లెం అంచున తాకించారు. సూది క్షణంలో అడుగుకు జారిపోయింది. తలతన్యత, అంటే నీటి పైముఖం సాగదీసిన పొరలా ప్రవర్తించే గుణం, అన్న మాట పాపకు ఆ రోజున వచ్చింది. మా అబ్బాయి ఆ సూదిని ఐదారుసార్లు తేల్చాడు. తలతన్యత మీద లెక్కలు ఎన్నో చేసినవాడు, కంటితో చూడడం అదే మొదలు.

అన్ని స్పందనలూ ఇంత హాయిగా సాగలేదని కూడా చెప్పాలి. సూర్యుడి కేంద్రంలోని హైడ్రోజన్ మరో 500 కోట్ల సంవత్సరాలకు అయిపోతుందనీ, అప్పుడు ఉబ్బి బుధ, శుక్ర గ్రహాలను మింగేస్తుందనీ చూపించిన రాత్రి పాప నిద్రలో లేచి ఏడ్చింది. పెద్ద అంకెలు చిన్నపిల్లలకు కాలంగా తోచవు, రేపే జరిగేదిగా తోస్తాయి. ఆ భాగాన్ని నేను ముందుగా చూసి ఉండవలసింది. మావారు మాత్రం, చీమ మనిషంత అయితే లారీ ఎత్తేస్తుందని చాలా రోజులు వాదించారు. పొడవు వంద రెట్లయితే కండరాల బలాన్ని నిర్ణయించే అడ్డుకోత వైశాల్యం పదివేల రెట్లే పెరుగుతుంది, బరువు పది లక్షల రెట్లు పెరుగుతుంది కాబట్టి అంత చీమ తన కాళ్ల మీద తానే నిలబడలేదని లెక్క వేసి చూపాకే ఆయన ఒప్పుకున్నారు.

ఇటువంటి కార్యక్రమాల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మంచుకొండలు, అగ్నిపర్వతాలు, ధ్రువకాంతులు చూపిస్తే విజయవాడ ప్రేక్షకుడు "అబ్బ, ఎంత బాగుందో" అని అక్కడితో ఆగిపోతాడు, ఎందుకంటే అతడు దాన్ని ఎన్నడూ వెళ్లి సరిచూడలేడు. సరిచూడగలిగినవి మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. మన ఊళ్లు 16 డిగ్రీలు దాటిన ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి కనుక ఏటా మే మొదటి వారం చివరలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం 12 దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన చెంబుకు నీడ ఉండదు. వేడెక్కిన గాలి పైకి లేచే స్తంభాలలో పక్షులు రెక్కలాడించకుండా తిరుగుతాయని చూశాక, మేము చలికాలంలో ఒక ఆదివారం మీ గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువుకు వెళ్లాము. ఏడు గంటలకు చేరాము. గూడబాతులు చెట్ల మీదే ఉన్నాయి. ఎగిరినవి కూడా బరువుగా రెక్కలు కొట్టుకుంటూ తక్కువ ఎత్తున వెళ్లాయి. నేల వేడెక్కి తొమ్మిదిన్నర అయ్యాక ఒకటి, రెండు, ఆ తరువాత పదిహేను దాకా చెరువు పక్క పొలం మీద ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ, ఒక్క రెక్క కదలకుండా, కనుచూపు మేరకు చిన్నవైపోయాయి. అక్కడ కాపలా ఉన్న పెద్దాయన, మబ్బు పట్టిననాడు అవి అలా తిరగవని తనంతట తానే చెప్పాడు. ఎండ లేనిదే నేల వేడెక్కదు, నేల వేడెక్కనిదే గాలి స్తంభం లేవదు. ఆయన ఏ డాక్యుమెంటరీ చూసి ఆ మాట అనలేదు.

అందువల్ల మీ నాన్నగారు లేచి వెళ్లిపోయారని మీరు నిరాశపడకండి. తెలిసినవే అన్నారంటే, తెర మీద కనిపించినదానిలో ఏదో ఒకదాన్ని ఆయన గుర్తుపట్టారన్నమాట. ఏది గుర్తుపట్టారో అడగండి. మిరప సాగు చేసిన వ్యక్తి కాబట్టి మీరు ఇలా మొదలుపెట్టవచ్చు: కల్లంలో కాయలు ఆరబోసిన రోజుల్లో, మంచు ఏ రాత్రి ఎక్కువ పడేది, చుక్కలు కనిపించే రాత్రా, మబ్బు కమ్మిన రాత్రా? చెట్టు కింద ఆరబోసిన కాయల మీదా, బయలులో ఆరబోసిన కాయల మీదా మంచు ఒకేలా పడేదా? రాత్రివేళ నేల తన వేడిని ఆకాశంలోకి వెదజల్లుకుంటుంది, మబ్బు గాని చెట్టుకొమ్మ గాని అడ్డుంటే ఆ వేడిలో కొంత తిరిగి వస్తుంది అన్న సంగతి అంతా ఆ రెండు ప్రశ్నలలోనే ఉంది. ఆయన చెప్పినది విన్నాక ఆ భాగాన్ని మళ్లీ పెట్టి, ఈసారి ఆయన చేతికే రిమోట్ ఇవ్వండి. ఆయన ఎక్కడ ఆపారో, ఏమన్నారో ఇక్కడ రాస్తే మా అత్తగారికి చదివి వినిపిస్తాను.