వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎందుకు?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. ఏఎల్ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్. మజ్జ పరీక్షలో జబ్బు కనిపించడం లేదన్నారు. అయినా వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఇస్తూనే ఉన్నారు. మా అత్తగారు కీళ్లవాతానికి ఇదే మందు మాత్రగా వేసుకుంటారు. ఆవిడకి ఫోలిక్ యాసిడ్ రాశారు, బాబుకి మాత్రం వద్దన్నారు. ఎందుకీ తేడా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: మజ్జలో కనిపించనంత మాత్రాన జబ్బు ఒంట్లో ఎక్కడా లేదని కాదమ్మా. ల్యుకేమియా (బ్లడ్ క్యాన్సర్) కణాలు మొదట్లోనే కాలేయం, ప్లీహం, లింఫు గ్రంథుల్లోకి చేరతాయి. అక్కడికి మందు కూడా రక్తంతోపాటే వెళ్తుంది కాబట్టి ఆ వాపులు చాలామందిలో తొందరగానే తగ్గుతాయి. చిక్కంతా మెదడు పొరలతోనూ, మగపిల్లల్లో వృషణాలతోనూ. మెదడుకి రక్షణగా ఉన్న అడ్డుగోడ దాటి మామూలు మోతాదు మందు తగినంతగా వెళ్లలేదు. వెన్నులోకి మందు, తలకి రేడియేషన్ లాంటివి లేని రోజుల్లో, రక్తం బాగుపడిన పిల్లల్లో సగానికి పైగా జబ్బు మెదడు పొరల్లోనే తిరగబెట్టేది. అందుకే ముందుజాగ్రత్తగా నేరుగా, మెదడు చుట్టూ కూడా ఉండే వెన్నునీటిలోకే ఇస్తారు.

ఆ మోతాదు బరువుని బట్టి కాదు, వయసుని బట్టి ఉంటుంది. సాధారణంగా ఏడాది నిండితే 8 మిల్లీగ్రాములు, రెండేళ్లకి 10, మూడు నుంచి తొమ్మిదేళ్ల లోపు 12, ఆపైన 15. మూడేళ్లు దాటేసరికే వెన్నునీరు దాదాపు పెద్దవాళ్లకి ఉన్నంత ఉంటుంది మరి. ఇంజెక్షన్ అయ్యాక కనీసం అరగంట, వీలైతే గంట, తలగడ లేకుండా పడుకోబెట్టండి. మందు పైన మెదడుదాకా చేరాలి. ఇదే జబ్బుకి వాడే ఇంకో మందు విన్‌క్రిస్టిన్‌ని మాత్రం నరంలోకే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం దక్కడం చాలా కష్టం. వెన్ను ఇంజెక్షన్ ఇచ్చే గదిలోకి అది రానే కూడదు. సిరంజి మీది పేరు చదివి వినిపించమని మీరు అడగొచ్చు, మొహమాటపడకండి.

కూర్చుంటే వచ్చి పడుకుంటే తగ్గే తలనొప్పి సూది వల్ల వచ్చేది. పొద్దున్నే తలనొప్పితో వాంతులు, ఉన్నట్టుండి మెల్లకన్ను, మూతి ఒక పక్కకి పోవడం, వృషణం నొప్పి లేకుండా గట్టిపడి ఉబ్బడం కనిపిస్తే వెంటనే చూపించాలి.

ఇక ఫోలిక్ యాసిడ్. కణాలు పెరగడానికి కావాల్సిన విటమిన్ అది. దాన్ని కణం వాడుకోకుండా అడ్డుకోవడమే మెథోట్రెక్సేట్ పని. ఫోలిక్ యాసిడ్ కోవ మందులిస్తే పిల్లల్లో ల్యుకేమియా ఇంకా వేగంగా పెరుగుతోందని అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గమనించారు. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ని ఆయనకి అందించింది లెడర్లీ మందుల సంస్థలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. అందుకే డాక్టరు చెప్పకుండా బాబుకి బలం టానిక్కులు కూడా పట్టకండి, వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉండొచ్చు. అత్తగారికి రోగనిరోధక శక్తి దూకుడు తగ్గించడానికి చిన్న మోతాదే ఇస్తారు. ఫోలిక్ యాసిడ్ వల్ల ఆవిడకి నోటిపూత, వికారం తగ్గుతాయి, మందు పనికి పెద్దగా అడ్డు రాదు.

ఆవిడ మాత్ర వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే మజ్జ చచ్చుబడి ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో స్ట్రిప్పు మీద పెన్నుతో రాయండి. ఇద్దరి మందులూ వేరు వేరు డబ్బాల్లో పెట్టండి.

ప్రశ్న: మెథోట్రెక్సేట్ వాడే నాకు మూత్రంలో మంట వస్తే మందుల షాపులో కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయోటిక్ ఇచ్చారు. వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. రెండూ ఫోలిక్ యాసిడ్‌నే దెబ్బతీస్తాయి, రక్తకణాలు ఒక్కసారిగా పడిపోవచ్చు. ల్యుకేమియా పిల్లలకి న్యుమోనియా రాకుండా వారంలో రెండు మూడు రోజులు ఇదే ఇస్తారు నిజమే, కానీ అది రక్తకణాల కౌంట్లు చూసుకుంటూ ఇచ్చేది. ఇప్పటికే వేసుకుని ఉంటే ఆపేసి, ఈరోజే సీబీపీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించుకుని మీ డాక్టరుకి చూపించండి. నోట్లో పుండ్లు గానీ, 100.4 డిగ్రీల జ్వరం గానీ ఉంటే రిపోర్టుల కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.